యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. బాల్యమున నతనికి చదువుపై అంతగా శ్రద్ధ లేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు నెగ్గెను. పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. అతని సోదరు లిరువురు సంగ్రహణి వ్యాధికి బలియైరి. అప్పటి వైద్యులకు దానికి తగిన మందు తెలియదు.

మామగారి సహాయమున సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. జీవనము గడచుటకై రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచెను. ఒక వైద్యుడు చేయవలసిన పనియా యని మనకు తోచవచ్చును. ఆయన మాత్రము వెనుదీయలేదు.

అచట సైరస్ ఫిస్కె అను ఆచార్యుని చెంత ఆయన పరిశోధన సాగెను. రక్తమున భాస్వరమెంత గలదో కొలుచుటకు సులభమైన పద్ధతి కావలసియుండెను. విద్యార్థులారా! ఒక గాజుపాత్రలోని నీటిలో ఒక సిరాచుక్కను, మరియొక పాత్రలో నాలుగు చుక్కలను వేసి వెలుతురున కెత్తి చూడుడు. రెండవదానినుండి వెలుతురు తక్కువగా వచ్చును. రంగుపదార్థము హెచ్చిన కొలది ద్రావణము కాంతిని హెచ్చుగా మ్రింగును. రక్తములోని మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు ఆమ్లమును, అమ్మోనియం మాలిబ్డేటును, వేరొక రసాయనమును తగిన పాళ్లలో చేర్చినచో భాస్వరమును బట్టి నీలివర్ణము పుట్టును. ఆ రంగు త్వరగాను, నిలుకడగాను వచ్చునట్లు చేయు రసాయనమును వీరిరువురు ఎన్నుకొనిరి. పిదప వర్ణమాపకమున తెలిసిన ద్రావణము నొకప్రక్క, తెలియనిదానిని వేరొకప్రక్క ఉంచి, రెండు వన్నెలు సమానమగువరకు లోతును మార్చుచు కంటితో చూచెడివారు. తెలియని ద్రావణము సగము లోతుననే సమానమైనచో అందు భాస్వరము రెట్టింపు గలదన్నమాట. ఈ పద్ధతి 1925లో ప్రకటింపబడెను.

దీనితో కండరముల సారమును పరీక్షించునపుడు ఒక చిత్రము కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా ముదురుచుండెను. ఇది పద్ధతిలోని లోపమని త్రోసివేయుట సులభము. వారట్లు చేయక, కారణమును వెదకిరి. కండరమున భాస్వరము క్రియాటినుతో కూడియున్నదనియు, ఆ కూటమి విడిపోయిన కొలది రంగు పుట్టుచున్నదనియు తేలెను. 1927లో వెల్లడియైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. కండరము పనిచేయునపుడు అది తరిగి, విశ్రాంతివేళ మరల పెరుగును. చక్కెరనుండి లాక్టికామ్లము పుట్టుటయే కండరబలమునకు మూలమని అంతవరకు పెద్ద శాస్త్రజ్ఞులు సైతము తలచుచుండిరి. 1929లో ప్రాణికోట్ల శక్తికి ఆధారమగు ఏ.టి.పి.ని గూడ వీరు కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగా దానిని కనుగొనెను.

1940లో సుబ్బారావు లెడర్లి ఔషధసంస్థలో చేరెను. 1945 నాటికి ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరుల ప్రాణములు తీసిన సంగ్రహణికి అది మందయ్యెను. 1948 ఆగస్టులో న్యూయార్కున ఆయన ఆకస్మికముగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 యేండ్లు. నేటి ప్రయోగశాలలలో కంటికి బదులు యంత్రమే కాంతిని కొలుచుచున్నది. అయినను భాస్వరమును కొలుచుటకు ఆ నీలివర్ణమునే నేటికిని వాడుచున్నారు.