మోజెస్ మెండెల్సన్

జర్మనీ దేశమునందలి డెస్సౌ పట్టణమున 1729వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన ఒక పేద యూదుల యింట మోజెస్ మెండెల్సన్ జన్మించెను. తండ్రి మెండెల్ లేఖకుడు. యూదుల ధర్మగ్రంథమైన తోరాను తోలుచుట్టలపై చేతితో వ్రాయుట అతని వృత్తి. ఒక్క యక్షరము తప్పినను పనికిరాని వ్రాత యది. శ్రమ యెక్కువ, ప్రతిఫలము తక్కువ.

బాలుడు మిక్కిలి బలహీనుడు. చిన్ననాటనే అతని వెన్నెముక వంగి గూను ఏర్పడెను. మాట్లాడునప్పుడు నత్తి అడ్డు వచ్చుచుండెను. అయినను చదువుపై అతనికి గల ఆసక్తి ఇంతింత యనరానిది. డేవిడ్ ఫ్రాంకెల్ అను మతగురువు నొద్ద ధర్మశాస్త్రము నభ్యసించెను. పండ్రెండవ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీసు రచించిన కఠిన గ్రంథము నొకదానిని రేయింబవళ్లు పఠించెను. తన వెన్ను వంచినది ఆ గ్రంథమే యని తరువాతి కాలమున అతడు నవ్వుచు చెప్పుకొనెడివాడట. తన కొరతను చూచి ఇతరులు నవ్వకముందే తాను నవ్వుట అతని కలవాటు.

1743లో ఫ్రాంకెల్ బెర్లిను నగరమునకు ప్రధాన మతగురువుగా వెడలిపోయెను. గురువును విడిచి యుండజాలక, పదునాలుగేండ్ల మోజెస్ నూరు కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమును కాలినడకన సాగించెను. నగరమునకు ద్వారములు పెక్కులున్నను అతడు యూదుల కొరకు నిర్ణయింపబడిన రోజెంతాలర్ ద్వారమున ప్రవేశింపవలసి వచ్చెను. బెర్లినులో ఒక యింటి అటక గదిలో తల దాచుకొనెను. ఒక రొట్టె కొని, దానిపై గీతలు గీసి, ఏ దినమున ఎంత తినవలయునో ముందే నిర్ణయించుకొనెడివాడని చెప్పుదురు. ఆకలి కడుపుతోనే గణితము, లాటిను, ఫ్రెంచి, ఇంగ్లీషు నేర్చెను. లాటినులో అతడు చదివినది పిల్లల వాచకము కాదు. నిఘంటువు చేతబట్టుకొని, ఆంగ్ల తత్త్వవేత్త లాక్ గ్రంథమునకు లాటిను అనువాదమునే ఒక్కొక్క మాటగా చదివెను.

1750లో ఐజాక్ బెర్న్‌హార్డు అను పట్టు వర్తకుడు తన బిడ్డలకు చదువు చెప్పుటకు అతనిని నియమించుకొనెను. నాలుగేండ్లకు పిమ్మట అతడే ఆ వర్తకుని కడ లెక్కలు వ్రాయు గుమాస్తా యయ్యెను. పగలెల్ల పద్దులు, రాత్రియెల్ల తత్త్వము. ఆ యేడే చదరంగపు బల్ల యొద్ద లెస్సింగ్ అను యువ రచయితతో పరిచయము కలిగెను. ఇద్దరును 1729లో పుట్టినవారే. ఆ స్నేహము లెస్సింగ్ మరణించువరకు చెడలేదు. మెండెల్సన్ వ్రాసిన తొలి తత్త్వగ్రంథమును 1755లో ముద్రింపించినవాడును లెస్సింగే.

ఆ కాలమున బెర్లినులో పండితుల సమాజ మొకటి యుండెను. సభ్యులు తమ వ్యాసములను అందు చదువవలెను. మెండెల్సన్ వంతు వచ్చెను. తన నత్తిని తలచుకొని అతడు వ్యాసమును మరియొకరిచే చదివించెను. చదువుచున్నవాడు వేరొకడైనను, ఆ తర్కము ఎవరిదో సభవారు గుర్తించిరట.

ఇంత పేరు వచ్చినను, బెర్లినులో నివసించు హక్కు మాత్రము అతనికి లేదు. రెండవ ఫ్రెడరిక్ రాజు 1750లో చేసిన శాసనము యూదులను తరగతులుగా విభజించినది. కొలదిమందికే స్థిరనివాసము. తక్కినవారు ఒకరి కొలువులో నున్నంత కాలమే నగరమున నుండవచ్చును. కొలువు పోయిననాడు ఊరు విడువవలసినదే. మెండెల్సన్ ఈ రెండవ తెగలోనివాడు. గూను అతని నడకను కష్టపెట్టెనే కాని ఆపలేదు. ఈ శాసనము మాత్రము అతని నే దినమైనను వెడలగొట్టగలిగి యుండెను.

1761లో అతడు హాంబర్గు నగరమున ఫ్రోమెట్ గుగెన్‌హైమ్ అను కన్యను చూచి ప్రేమించెను. ఆమెకు కట్నము లేదు. అతడు దానిని కోరనూ లేదు. గూనును చూచి ఆమె మొదట వెనుదీసినదనియు, పుట్టుకకు ముందు ఆమె నొసట వ్రాయబడిన గూనును తానే దేవుని వేడి తన వీపున మోయుచున్నానని అతడు చెప్పగా ఆమె మనసు కరగినదనియు ఒక కథ కలదు. అది కల్పితము కావచ్చును. ఆమె బెర్లినులో కాపురముండుటకు ప్రభుత్వపు అనుమతి పొందవలసి వచ్చినదనుట మాత్రము నిజము. 1762లో వారి వివాహము జరిగెను.

మరుసటి యేట బెర్లిను అకాడమీ తత్త్వశాస్త్ర విషయమున ఒక పోటీ నడపెను. మొదటి బహుమానము మెండెల్సనుకు లభించెను. రెండవ స్థానము పొందినవాడు ఇమ్మాన్యుయేల్ కాంట్! ఆ యేడే రాజునకు ఆప్తుడైన దార్జాన్సు అను ఫ్రెంచి రచయిత అతని పక్షమున మనవి చేసెను. అక్టోబరులో మెండెల్సనుకు నివాసపు హక్కు దొరకెను. అప్పటికి అతనికి ముప్పదినాలుగేండ్లు. ఆ నగరమున అడుగిడి ఇరువదేండ్లు గడచినవి.

అయితే ఆ హక్కు అతని యొక్కనికే, సంతతికి రాదు. 1771లో అకాడమీవారు అతనిని సభ్యునిగా నెన్నుకొన్నను రాజు అంగీకరింపలేదు. 1779లో తన బిడ్డలకును హక్కు నిమ్మని అతడు వేడుకొనెను. రాజు ఆ మనవిని త్రోసిపుచ్చెను.

1786 జనవరి 4వ తేదీన మెండెల్సన్ మరణించెను. ఫ్రెడరిక్ రాజును ఆ యేటనే కన్నుమూసెను. 1787లో క్రొత్త రాజు ఫ్రోమెటునకును ఆమె బిడ్డలకును బెర్లినులో నివసించు హక్కు నొసగెను.