జాషువ జీవితము : సమ్మానము, సమానత

సమ్మానమును ఒక వ్యక్తికి చేయవచ్చును. న్యాయమును ఒక జనసముదాయమునకు చేయవలెను. మొదటిది ఒక సభలో, ఒక సాయంకాలమున ముగియును. రెండవది తరతరముల ఆచారమును మార్చినగాని సాధ్యము కాదు. ఈ రెంటి నడుమనున్న దూరమును తన జీవితమున అనుభవించి, తన కావ్యములలో కొలిచి చూపిన కవి గుఱ్ఱము జాషువ.

జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. ఆ యూరు తరువాత గుంటూరు జిల్లాలో చేరి, నేడు పల్నాడు జిల్లాలో నున్నది. తండ్రి వీరయ్య యాదవ కులజుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టినది. కుటుంబము క్రైస్తవమును అవలంబించినది. తండ్రి కులము వేఱైనను, మతము వేఱైనను, సంఘము ఆ బాలుని అస్పృశ్యునిగానే లెక్కించెను. మతము మారినను కులము విడువదను సత్యము ఆయనకు చిన్ననాటనే అనుభవమునకు వచ్చెను.

జీవనోపాధికై ఆయన పలు వృత్తులు చేసెను. మొదట ప్రాథమిక పాఠశాలలో స్వల్పవేతనముపై ఉపాధ్యాయుడుగా నుండెను. మూకచిత్రముల కాలమున రాజమహేంద్రవరములో తెరమీది కథను ప్రేక్షకులకు వినిపించు వాచకుడుగా పని చేసెను. పిదప గుంటూరులోని లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున బోధకుడయ్యెను. సంస్కృత విద్య అస్పృశ్యులకు అందుబాటులో లేని ఆ దినములలో జూపూడి హనుమచ్ఛాస్త్రి అను పండితుడు ఆయనకు మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును బోధించెను. జాషువ తరువాత ఉభయభాషాప్రవీణ పట్టమును పొందెను. ఒక గురువు తెఱచిన ఈ తలుపు తెలుగు కావ్యచరిత్రలో గొప్ప ఫలము నిచ్చినది.

విద్య లభించినను సభాప్రవేశము సులభము కాలేదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువ పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందఱు నిరసించిరి. మఱియొకవైపు, క్రైస్తవుడై యుండియు హిందూ పురాణ విషయములను వ్రాయుచున్నాడని క్రైస్తవ మతాధికారులు ఆయనను దూరము చేసిరి. ఒకచోట పుట్టుకయు, మఱియొకచోట కవితావస్తువును నేరములయ్యెను.

1932 నాటి ఫిరదౌసి కావ్యమున జాషువ పారసీక మహాకవి కథను గ్రహించెను. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము నిత్తునని పలికి, షానామా ముగిసిన పిమ్మట వెండి నిచ్చెననియు, పశ్చాత్తాపముతో పంపిన బంగారము కవి మరణించిన పిదప గాని చేరలేదనియు ప్రసిద్ధమైన ఐతిహ్యము. ఆలస్యముగా వచ్చు న్యాయము న్యాయము కాజాలదను భావము ఈ కథకు ప్రాణము. అది గజనీ కొలువునకు మాత్రమే చెల్లునది కాదు.

1941లో వెలువడిన గబ్బిలము ఆయన కీర్తికి మూలస్తంభము. గురువువద్ద చదివిన మేఘసందేశము ఇందు కొత్త రూపమును దాల్చినది. కాళిదాసుని యక్షుడు కుబేరుని శాపమున ఒక యేడాది మాత్రమే ప్రవాసి. గడువు తీరగానే ప్రియురాలిని చేరగలడు. జాషువ నాయకుడు దక్షిణదేశపు నిఱుపేద అరుంధతీసుతుడు. అతడు తన యింటనే యుండియు సంఘమునకు వెలియైనవాడు. అతని వెలికి గడువు లేదు. యక్షుని సందేశము ప్రియురాలికి, ఇతని సందేశము కాశీ విశ్వేశ్వరునికి. దూత యెంపికలోనే కావ్యహృదయమున్నది. లోకులు అశుభమని యేవగించుకొను గబ్బిలము గుడిలోపల నివసింపగలదు, దేవుని చెంత వ్రేలాడగలదు. ఆ గుడిని కట్టుటకు చెమటోడ్చిన జాతివాడు మాత్రము గడప దాటరాదు. సంప్రదాయ కావ్యరూపమును విడువక, ఆ సంప్రదాయమునే సాక్షిగా నిలిపి ప్రశ్నించుట జాషువ మార్గము.

ఈ విన్నపమునకు చట్టము క్రమముగా సమాధానము చెప్పినది. మదరాసు రాజధానిలో 1939 నాటి చట్టము ఆలయ నిర్వాహకులు సమ్మతించినచోట ప్రవేశమునకు వీలు కల్పించెను. 1947 నాటి చట్టము దానిని హక్కుగా చేసెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానిని శిక్షార్హ నేరముగా నిర్ణయించు చట్టము వచ్చెను. అయినను జాషువ కావ్యమందలి నాయకుని దుఃఖము గుడి తలుపుతో ముగియునది కాదు. ఆకలి, భూమిలేమి, కూలికి తగిన ప్రతిఫలము లేకుండుట అతని ఫిర్యాదులో భాగములే. తలుపు తెఱచుటకు చట్టము చాలవచ్చును. పొలములోను, బావివద్దను, పంక్తిలోను సమత్వమునకు సంఘము సమ్మతింపవలెను.

సమ్మానములు మాత్రము ఆయనను వెదకికొని వచ్చినవి. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగెను. ఒకనాడు సభలో నిలువనీయని పుట్టుకగల కవి పాదమును ఆ కాలపు పండితాగ్రగణ్యుడు తాకుట చిన్న సంఘటన కాదు. 1964లో శాసనమండలి సభ్యత్వమును, క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును లభించినవి. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును, భారత ప్రభుత్వము పద్మభూషణమును ఇచ్చినవి. ఆయన శ్మశానవాటి పద్యములు హరిశ్చంద్ర నాటకమున చేరి, పల్లెపల్లెన రంగస్థలముపై మాఱుమ్రోగినవి. చావున అందఱును సమానులను ఆ పద్యములకు అన్ని కులములవారును చేతులు తట్టిరి. బ్రతుకున సమానతను అంగీకరించుట అంత సులభము కాలేదు.

జాషువ 1971 జూలై 24వ తేదీన గుంటూరులో దివంగతుడయ్యెను. ఆయన కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబముల సంస్కరణమునకును, జోగిని దురాచార నిర్మూలనమునకును 2008లో మరణించువఱకు పాటుపడెను. దేవదాసీలుగా, జోగినులుగా స్త్రీలను సమర్పించుటను ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టముచేత నిషేధించెను. తండ్రి పద్యమున చేసిన పనిని కుమార్తె గ్రామములలో కొనసాగించినది.

సమాజము అన్యాయమును జయింపగలదా యను ప్రశ్నకు జాషువ జీవితము నిరాశతో బదులు చెప్పదు. వినువాడు కలడను నమ్మకము లేనిదే విన్నపము పుట్టదు. హనుమచ్ఛాస్త్రి, వేంకటశాస్త్రి వంటివారు విన్నారు, చట్టమును విన్నది. కాని, ఒక సమాజము తన మహాకవిని ఎట్లు గౌరవించినదో చూచి దాని న్యాయమును నిర్ణయింపరాదు. కావ్యమందలి ఆ పేరులేని కూలివాడు ఏ దూత సాయమును లేక, తన మాటను తానే నిర్భయముగా చెప్పుకొనగలుగుట దానికి తగిన కొలబద్ద. ఆ కొలబద్దను తెలుగు సాహిత్యమునకు అందించినవాడు జాషువ.