ఆయుధశిల్పి ఫ్యోదొరోవ్

యుద్ధం మానవాళికి శాపం. అయినా దేశరక్షణ బాధ్యత వహించే ప్రతి ప్రభుత్వమూ తన సైనికుని చేతికి ఎటువంటి ఆయుధం ఇవ్వాలనే ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు. తుపాకి గొట్టం లోపలి వ్యాసం ఎంత ఉండాలి, దాని తూటాల పెట్టెలో ఎన్ని తూటాలు పట్టాలి అనే రెండు అంశాలు పైకి స్వల్పంగా కనిపిస్తాయి. కాని సైనికుడు మోయవలసిన బరువు, అతని గురి, కర్మాగారాల ఉత్పత్తి, ఖజానాపై పడే భారం ఆ రెండు అంకెల మీదనే చాలావరకు ఆధారపడి ఉంటాయి. ఈ సత్యాన్ని ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలోనే గ్రహించి, జీవితంలో అధికభాగాన్ని దాని పరిశీలనకు అంకితం చేసిన శాస్త్రజ్ఞుడు వ్లాదిమిర్ గ్రిగోర్యెవిచ్ ఫ్యోదొరోవ్.

ఫ్యోదొరోవ్ 1874 మే 15న నాటి రష్యా సామ్రాజ్య రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించాడు. అక్కడి మిహాయిలోవ్‌స్కీ ఫిరంగిదళ పాఠశాలలో శిక్షణ పొంది, కొంతకాలం సైన్యంలో పనిచేశాడు. అనంతరం అదే పేరుగల ఉన్నత విద్యాలయంలో చేరి 1900లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థిదశలోనే ఒక ఆయుధ కర్మాగారంలో, నాటి రష్యా రైఫిల్ రూపకర్త సెర్గేయ్ మోసిన్‌తో ఆయనకు పరిచయం కలిగింది. చదువు ముగిసిన పిమ్మట ఫిరంగిదళ ప్రధాన కార్యాలయంలోని ఆయుధ విభాగంలో ఉద్యోగం లభించింది. వివిధ దేశాల తుపాకులను తులనాత్మకంగా అధ్యయనం చేయడానికి ఆ ఉద్యోగం ఆయనకు చక్కని అవకాశం కల్పించింది.

1891లో రష్యా సైన్యం స్వీకరించిన మోసిన్ రైఫిల్ కాలిబర్ 7.62 మిల్లీమీటర్లు. కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం. ఆ రైఫిల్‌లో ఐదు తూటాలు పట్టేవి. ఒక్కొక్క తూటా పేల్చిన తరువాత సైనికుడు చేతితో గడియను వెనుకకు లాగి మరల ముందుకు నెట్టవలసి ఉండేది. రెండు వేల మీటర్లకు పైబడిన దూరానికి సైతం గురిపెట్టేందుకు దానిపై గీతలు ఉండేవి. దూరాన కదలివచ్చే శత్రుదళంపై పలువురు సైనికులు ఒక్కుమ్మడిగా కాల్పులు జరపడం ఆనాటి యుద్ధపద్ధతి. అంత దూరం పోవాలంటే బలమైన తూటా కావాలి. తూటా బలం పెరిగినకొద్దీ మందు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, పేలినప్పుడు భుజాన్ని వెనుకకు తన్నే శక్తి కూడా పెరుగుతుంది.

చేతితో గడియ లాగే పని లేకుండా, పేలుడు శక్తితోనే తదుపరి తూటా గొట్టంలోకి వచ్చే స్వయంచాలక రైఫిల్‌ను నిర్మించాలని ఫ్యోదొరోవ్ సంకల్పించాడు. మొదట మోసిన్ రైఫిల్‌నే మార్చి చూడాలనుకున్నాడు. 1906లో ఒరానియెన్‌బౌమ్ పట్టణంలోని సైనిక కార్యశాలలో ఆ పని ప్రారంభమైంది. ఆయనకు సహాయకునిగా వచ్చిన యువ కార్మికుడు వసీలి దెగ్త్యర్యోవ్. విద్యావంతుడైన అధికారికి, పనిముట్లతోనే పెరిగిన కార్మికునికి మధ్య ఏర్పడిన ఆ స్నేహం దశాబ్దాల పాటు నిలిచింది. పాత రైఫిల్‌ను మార్చడం కంటే కొత్తదాన్ని నిర్మించడమే మేలని వారు త్వరలోనే గ్రహించారు. 1907లో ఫ్యోదొరోవ్ స్వయంచాలక ఆయుధాలపై ఒక గ్రంథాన్ని కూడా ప్రచురించాడు.

పని సాగినకొద్దీ అసలు చిక్కు యంత్రంలో కంటే తూటాలోనే ఉన్నదని ఆయనకు అర్థమైంది. రష్యా తూటా అడుగుభాగాన అంచు బయటికి పొడుచుకొని ఉండేది. పెట్టెలో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు ఆ అంచులు పరస్పరం చిక్కుకొనే ప్రమాదం ఉంది. చేతితో నెమ్మదిగా పనిచేసే రైఫిల్‌కు ఇది పెద్ద ఆటంకం కాదు. సెకనుకు అనేక తూటాలు కదలవలసిన యంత్రానికి మాత్రం ఇది తీవ్రమైన లోపం. పైగా అంతటి బలమైన తూటాను వరుసగా పేల్చితే తుపాకి పైకి లేచి గురి తప్పుతుంది. దాన్ని అదుపులో ఉంచడానికి ఆయుధం బరువు పెంచితే సైనికుడు మోయలేడు.

ఈ చిక్కుకు ఫ్యోదొరోవ్ ఆలోచించిన పరిష్కారం కాలిబర్‌ను తగ్గించడం. ఆయన అంచులేని 6.5 మిల్లీమీటర్ల తూటాను రూపొందించి, దానికి తగిన స్వయంచాలక రైఫిల్‌ను నిర్మించాడు. 1913లో జరిగిన పరీక్షలలో అది మంచి ఫలితాలనిచ్చింది. ఇంతలో 1914లో ప్రపంచయుద్ధం ఆరంభమైంది. పరిశోధన అర్ధాంతరంగా ఆగిపోయింది.

యుద్ధం మొదలైన కొద్ది మాసాలకే రష్యా సైన్యానికి రైఫిళ్ల కొరత ఏర్పడింది. ఆయుధాల కొనుగోలుకై జపాన్ వెళ్లిన బృందంలో ఫ్యోదొరోవ్ కూడా ఉన్నాడు. దశాబ్దం క్రితం రష్యాతో పోరాడిన దేశం నుండే ఇప్పుడు రైఫిళ్లు కొనవలసి వచ్చింది. అక్కడ లభించిన అరిసాకా రైఫిళ్ల కాలిబర్ 6.5 మిల్లీమీటర్లు. తరువాత ఆయన ఫ్రాన్స్‌కు వెళ్లి, ఒక్క సైనికుడు మోయగల తేలికపాటి మరతుపాకి రణరంగంలో ఎంతటి ప్రయోజనకారియో స్వయంగా చూశాడు. కందకాల మధ్య సాగుతున్న ఆ యుద్ధంలో సైనికులు సమీపదూరాల నుండి పోరాడుతున్నారు. వేల మీటర్ల దూరానికి ఉద్దేశించిన బలం చాలావరకు వ్యర్థమవుతున్నది.

తాను సృష్టించిన తూటాను యుద్ధసమయంలో పెద్దయెత్తున తయారు చేయించడం అసాధ్యమని ఫ్యోదొరోవ్ ఎరుగును. జపాన్ తూటా మాత్రం గిడ్డంగులలో సిద్ధంగా ఉన్నది. దాని అంచు చిన్నది, తన్నుడు తక్కువ. తన తూటాపై మమకారాన్ని విడిచి, ఆయన పరాయిదేశపు తూటాకు అనుగుణంగా రైఫిల్‌ను మార్చాడు. గొట్టాన్ని కుదించాడు. ఒక్కొక్క తూటాగా గాని వరుసగా గాని పేల్చే వీలు కల్పించాడు. 1916 నాటికి సిద్ధమైన ఆ ఆయుధం బరువు సుమారు 4.4 కిలోలు. దానికి నికొలాయ్ ఫిలాతొవ్ అనే సైనికాధికారి సూచించిన అవ్తోమాత్ అనే పేరు స్థిరపడింది. నేటికీ రష్యన్ భాషలో అసాల్ట్ రైఫిల్‌ను ఆ మాటతోనే వ్యవహరిస్తారు.

తూటాల పెట్టె, అనగా మ్యాగజైన్ విషయంలోనూ ఆయన తీసుకొన్న నిర్ణయం గమనింపదగినది. నిమిషానికి 600 తూటాల వేగంతో పేలే తుపాకిలో ఐదు తూటాలు అరసెకనులో అయిపోతాయి. కనుక పాత మ్యాగజైన్ పనికిరాదు. అట్లని తూటాల సంఖ్యను ఇష్టానుసారం పెంచడానికి వీలులేదు. మ్యాగజైన్ పొడవైతే నేలపై బోర్లా పడుకొని కాల్చే సైనికుడు తల పైకెత్తవలసి వస్తుంది. బరువు పెరుగుతుంది. లోపలి స్ప్రింగ్‌పై ఒత్తిడి అధికమవుతుంది. ఫ్యోదొరోవ్ ఆయుధానికి 25 తూటాలు పట్టే, ఊడదీసి మార్చుకోదగిన మ్యాగజైన్ అమరింది. 1916 చివర ఒక చిన్న దళం ఈ ఆయుధాలతో రుమేనియా రణరంగానికి తరలివెళ్లింది.

విప్లవానంతరం 1918లో కొత్త ప్రభుత్వం ఆయనను కవ్రోవ్ పట్టణానికి పంపింది. అక్కడి కర్మాగారం ఇంకా నిర్మాణదశలోనే ఉన్నది. అంతర్యుద్ధ కాలంలో ఉక్కు కొరత, నిపుణుల కొరత, ఆహారపు కొరత పీడిస్తున్నా ఫ్యోదొరోవ్, దెగ్త్యర్యోవ్ కలిసి ఉత్పత్తిని ప్రారంభించారు. 1920ల మధ్యభాగం వరకు సుమారు 3,200 అవ్తోమాత్‌లు తయారయ్యాయి. 1921లో ఆయన ఆ కర్మాగారంలోనే ఆయుధ రూపకల్పన కేంద్రాన్ని స్థాపించాడు. అక్కడ ఆయన వద్ద పనిచేసిన దెగ్త్యర్యోవ్, ష్పాగిన్, సీమొనొవ్ తరువాతి కాలంలో సుప్రసిద్ధులైన ఆయుధ నిర్మాతలయ్యారు.

ఆయన స్వీయసృష్టికి మాత్రం ఆదరణ దక్కలేదు. జపాన్ తూటా దేశంలో విరివిగా లభించదు. 7.62 తూటాల నిల్వలు, వాటిని తయారుచేసే యంత్రాలు మాత్రం అపారంగా ఉన్నాయి. రెండు రకాల తూటాలను పోషించలేక ప్రభుత్వం పాత కాలిబర్‌నే నిలుపుకొన్నది. ఉత్పత్తి ఆగిపోయింది. 1928లో అవ్తోమాత్‌లు సైన్యం నుండి గిడ్డంగులకు చేరాయి. ఇటువంటి సంఘటన అమెరికాలోనూ జరిగింది. జాన్ గరాండ్ రూపొందించిన రైఫిల్‌కు పది తూటాలు పట్టే చిన్న కాలిబర్‌ను నిపుణులు సిఫారసు చేయగా, 1932లో సైన్యాధిపతి మెకార్థర్ దాన్ని తిరస్కరించాడు. పాత తూటాల నిల్వలే అందుకు ముఖ్యకారణం. పెద్ద తూటాకు మార్చిన ఆ రైఫిల్‌లో ఎనిమిదే పట్టాయి. కాగితంపై సరియైన కాలిబర్ వేరు, గిడ్డంగి అంగీకరించే కాలిబర్ వేరు.

ఇరువది ఏండ్ల శ్రమ మూలబడినా ఫ్యోదొరోవ్ కుంగిపోలేదు. శిష్యుల ఆయుధాలకు మెరుగులు దిద్దాడు. 1931లో మాస్కో చేరి రచనకు పూనుకొన్నాడు. 1938, 1939 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడిన తన గ్రంథంలో చిన్న ఆయుధాల పరిణామాన్ని సమగ్రంగా చర్చించాడు. పిస్తోలు తూటాకు, రైఫిల్ తూటాకు మధ్యస్థమైన బలంగల చిన్న తూటాయే రానున్న ఆయుధానికి తగినదని అందులో ప్రతిపాదించాడు. తాను లోగడ వాడిన జపాన్ తూటా కూడా అవసరానికి మించి బలమైనదేనని దీనివలన తేలుతున్నది. తన సృష్టిలోని పరిమితిని తానే దాటి ఆలోచించగలగడం ఆయన నిజాయితీకి నిదర్శనం.

1943లో జర్మన్ల నుండి చేజిక్కిన కొత్తరకం రైఫిల్‌ను పరిశీలించిన మీదట సోవియట్ ప్రభుత్వం మధ్యస్థమైన తూటాను తయారు చేయించింది. నిపుణులు తూటా పొడవును, మందును తగ్గించారు. కాలిబర్‌ను మాత్రం 7.62గానే ఉంచారు. ఆ తూటాతో పనిచేసే కలాష్నికోవ్ రైఫిల్ 1949లో సైన్యంలో ప్రవేశించింది. దాని మ్యాగజైన్‌లో 30 తూటాలు పట్టాయి.

కాలిబర్ తగ్గింపు మాత్రం ఆయన మరణానంతరమే ఆ దేశంలో కార్యరూపం ధరించింది. 1974లో సోవియట్ సైన్యం 5.45 మిల్లీమీటర్ల రైఫిల్‌ను స్వీకరించింది. అప్పటికే అమెరికా 5.56 కాలిబర్‌కు మారింది. 7.62 నాటో తూటా బరువు సుమారు 24 గ్రాములు కాగా, 5.56 తూటా బరువు అందులో సగమే. అనగా అదే బరువుకు సైనికుడు రెట్టింపు తూటాలు మోయగలడు. అయితే దూరం పెరిగినకొద్దీ చిన్న తూటా శక్తి త్వరగా సన్నగిల్లుతుంది. అందువలన ఈ చర్చ నేటికీ ముగియలేదు. భారతదేశం 1990లలో 5.56 కాలిబర్ ఇన్సాస్ రైఫిల్‌ను ప్రవేశపెట్టింది. 2021 డిసెంబరులో కలాష్నికోవ్ వంశానికే చెందిన 7.62 ఏకే-203 రైఫిళ్లను ఆరు లక్షలకు పైగా అమేఠీ జిల్లాలో తయారు చేయడానికి ఒప్పందం చేసుకొన్నది. 2022లో అమెరికా సైన్యం 6.8 మిల్లీమీటర్ల కొత్త రైఫిల్‌ను ఎంపిక చేసింది. తూటా పెద్దదైనందువలన దాని మ్యాగజైన్‌లో 20 మాత్రమే పడతాయి. ఒకటి పెంచితే మరొకటి తగ్గించక తప్పదని ఫ్యోదొరోవ్ ఎదుర్కొన్న చిక్కే ఇది.

ఆయన ఆసక్తి ఆయుధాలకే పరిమితం కాలేదు. ప్రాచీన రష్యన్ వీరకావ్యమైన ఈగొర్ దండయాత్రా గాథపై పరిశోధన చేసి, దాని కర్త ఎవరో, అందులోని నది ఎక్కడిదో చర్చిస్తూ 1956లో ఒక గ్రంథం ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై రెండేళ్లు. 1928లో శ్రామికవీర బిరుదును, 1943లో లెఫ్టినెంట్ జనరల్ హోదాను పొందిన ఫ్యోదొరోవ్ 1966 సెప్టెంబరు 19న మాస్కోలో కన్నుమూశాడు.

ఆయన తీర్చిదిద్దిన కవ్రోవ్ కర్మాగారం నేడు ఆయన శిష్యుడు దెగ్త్యర్యోవ్ పేరుతో ప్రసిద్ధమై ఉన్నది. తన తూటా, తన ఆయుధం రెండూ మూలపడినా, కొలిచి చూసి తెలుసుకొన్న విషయాన్ని ఫ్యోదొరోవ్ విడువలేదు. దాన్ని శిష్యులకు నేర్పాడు, గ్రంథంలో భద్రపరచాడు. ఫలితం కోసం తొందరపడక సత్యాన్ని నమ్ముకొని పనిచేసే దీక్ష ఏ రంగంలోని విద్యార్థికైనా అనుసరణీయం.