కందనవోలు కడపటి నవాబు

ఒక రాజ్యము రహస్యముగా మారణాయుధములను సిద్ధపఱచుచున్నదని తోచినపుడు, దానికంటె బలవత్తరమగు రాజ్యము సైన్యమును నడిపి దానిని ముందుగనే అణచివేయవచ్చునా యను ప్రశ్న లోకమును చిరకాలముగా బాధించుచున్నది. 2025 జూన్ 22వ తేదీని అమెరికా విమానములు ఈరానులోని ఫోర్దో, నతాంజు, ఇస్ఫహాను అణుకేంద్రములపై బాంబులు విడిచెను. ఆ దేశపు శాసనకర్తలలో పెక్కుమంది ఆ చర్యను సమర్థించిరి. ఈరానుపై యుద్ధము సాగింపవలెనన్న కాంగ్రెసు అనుమతి పొందవలెనను తీర్మానమును జూన్ 27వ తేదీని సెనేటు 53 వోట్లతో త్రోసివేసెను. దానికి లభించినవి 47 మాత్రమే. ఈ చర్చ సముద్రముల కావలిదని మన కర్నూలు, కడప సీమలవారు తలపనక్కఱలేదు. 1839వ సంవత్సరమున ఇదే ప్రశ్న మన కందనవోలు కోటవాకిట నిలిచినది. నాడు ఉత్తరము చెప్పవలసి వచ్చినవాడు నవాబు గులాం రసూల్ ఖాన్.

కందనవోలు అను పేరునకు కందెన మూలమని పెద్దలు చెప్పుదురు. ఆలంపురపు గుడులకు రాళ్లను తోలుకొనిపోవు బండ్లు తుంగభద్రను దాటుటకు ముందు ఇచ్చటనే ఇరుసులకు కందెన పెట్టుకొనెడివట. కథ యెట్లున్నను, హంద్రీ తుంగభద్రలు కలియు ఆ తావు దక్కనుకు వాకిలి వంటిది. వాకిలి కాచువానిపై ఇరుగుపొరుగువారికి నమ్మకముండుట అరుదు. 1750 డిసెంబరులో నిజాము నాసర్‌జంగు ప్రాణము తీసిన కుట్రలో కడప, సావనూరు నవాబులతోబాటు కందనవోలు నవాబును భాగస్వామియే. మఱుసటి యేడే సలాబత్‌జంగు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొని వచ్చి ఈ కోటను పట్టుకొనెను. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ఒప్పగించినపుడు కందనవోలు జాగీరు అలఫ్ ఖాను చేతనే నిలిచినది కాని, యేటేట లక్షరూపాయల పేష్కషు కుంపిణీకి చెల్లింపవలసి వచ్చినది.

అలఫ్ ఖాను 1815లో చనిపోగానే కొడుకులలో కలహము పుట్టెను. పెద్దవాడగు మునవ్వర్ ఖానును కాదని ముజఫర్ ఖాను కోటను ఆక్రమించెను. మునవ్వరు కుంపిణీని శరణుజొచ్చెను. కర్నలు మారియటు బళ్ళారినుండి దండు నడిపి కోటను పట్టి, అతనిని గద్దెపై కూర్చుండబెట్టెను. 1823లో మునవ్వరు సంతులేక మరణించెను. ఆ సమయముననే ముజఫరు తన భార్యను హత్యచేసి బళ్ళారి కోటలో ఖైదీయయ్యెను. అప్పుడు వారి సోదరుడగు గులాం రసూల్ ఖానునకు గద్దె దక్కినది. ఇది ముఖ్యముగా గమనింపదగినది. ఆయనను నవాబును చేసినదియు కుంపిణీయే, పదునాఱేండ్లకు పదభ్రష్టుని గావించినదియు కుంపిణీయే.

ఆ కాలమున మా బనగానపల్లె స్థితియు చెప్పవలసియున్నది. ఇచ్చటి నవాబులు ఆయుధములు చేర్చినవారు కారు, అప్పులు చేర్చినవారు. ఆ అప్పులచిక్కు కారణముగా 1832లో జాగీరు పాలనమును కుంపిణీ తన చేతిలోనికి తీసికొని 1848వఱకు విడువలేదు. కావున 1839లో కందనవోలు నవాబు తన పొరుగున చూచినది తన సాటి నవాబు ఇల్లు పరాధీనమై యుండుట. ఆ చూపు ఆయన మనసుపై నెట్టి ముద్ర వేసెనో చెప్పజాలము. కాని అప్పుచేసినను గద్దెకు ముప్పే, ఆయుధము పట్టినను ముప్పే యని గ్రహించుటకు కందనవోలు కోటనుండి ఎంతో దూరము చూడనక్కఱలేకుండెను.

ఇక నేరారోపణము పుట్టిన విధము. 1838, 39 సంవత్సరములలో ఆంగ్లేయులకు రష్యాభయము తలకెక్కి యుండెను. రష్యా ఆఫ్‌గను దేశము మీదుగా హిందూస్థానముపై బడునను శంకతో గవర్నరు జనరలు ఆక్లండు ప్రభువు కాబూలుపై దండెత్తెను. 1839 జూలైలో గజనీ, ఆగస్టులో కాబూలు ఆంగ్లసేనల వశమాయెను. దేశములోని దండు అటుపోగా, ఇచ్చట దక్షిణాదిలో వహాబీల ప్రచారకులు సిపాయిలను రేపుచున్నారని నెల్లూరినుండి వార్తలు పొడసూపెను. ఆ తీగను లాగగా హైదరాబాదులో నిజాము తమ్ముడగు ముబారిజుద్దౌలా, ఉదయగిరి జాగీర్దారు, కందనవోలు నవాబు కదలిరి. ముబారిజుద్దౌలాను నిర్బంధించి గోలకొండ కోటలో నుంచిరి. 1854లో ఆయన ఆ కోటలోనే కన్నుమూసెను. కందనవోలు నవాబుపై మోపిన అభియోగము మాత్రము స్పష్టమైనది. తనకు అవసరమైనదానికి మించి ఫిరంగులను, గుండ్లను, మందును గుప్తముగా చేయించుచున్నాడనుట.

దీనిని విచారించి నిర్ణయించిన వారెవరు? 1833 నాటి చార్టరు చట్టముచే శాసనాధికారమంతయు గవర్నరు జనరలు ఆలోచన సభకే దఖలు పడినది. చట్టము చేయువారును, సేన నడుపువారును, సంధిపత్రముల అర్థము చెప్పువారును ఒక్కరే. ఆ సభలో భారతీయుడు ఒక్కడైనను లేడు. చెన్నపట్నమున గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు కొలువునందును అదే తీరు. లండనులో పార్లమెంటున్నది గదా యనవచ్చును. ఉన్నది, దానికి తెలిసినదెంత? ఆఫ్‌గను యుద్ధమును గూర్చి 1839లో పార్లమెంటు ముందుంచిన ప్రభుత్వ పత్రములలో, కాబూలు అమీరు దోస్తు మహమ్మదునకు అనుకూలముగా అలెగ్జాండరు బర్న్సు వ్రాసిన భాగములను తొలగించి అచ్చువేసిరి. సంపూర్ణ ప్రతులు 1859లో గాని వెలువడలేదు. అప్పటికి బర్న్సు కాబూలులో హతుడై పదునెనిమిదేండ్లు గడచినవి. సాక్ష్యమును కోసి సభ్యుల చేతికిచ్చి సమ్మతి పొందు విద్య నేటి మంత్రులు కనిపెట్టినది కాదు.

కందనవోలునకు విచారణసంఘము వచ్చినది. వెంట కర్నలు డైసు నాయకత్వమున సైన్యమును వచ్చినది. ముందు విచారణ, పిదప సైన్యమనుట న్యాయక్రమము. ఇచ్చట రెండును ఒకే బాటను నడచినవి. నవాబు కోటను అడ్డు చెప్పక అప్పగించెను. మొదట కనబడిన ఆయుధములు ఒక చిన్న సంస్థానమునకు ఉండదగినంత మాత్రమే. పిమ్మట అంతఃపురపు ఆవరణములను, తోటలను గాలింపగా అసలు సంగతి బయటపడినది. స్త్రీలుండవలసిన ప్రాకారముల నడుమ పోతపోయు కొలుములు, ఫిరంగులు, గుండ్ల రాసులు అగపడెను. ఒక యేటి పేష్కషు లక్షరూపాయలుగా గల సంస్థానమునకు ఇంత సామగ్రి ఏల యని విచారణకర్తలు విస్తుపోయిరి. మేమును విస్తుపోవుచున్నాము. ఆయన నిరపరాధియని వ్రాయుట సత్యమునకు ద్రోహము. నవాబు దాచినాడు, దొరికినాడు.

అయినను ఆ ఫిరంగులు ఎవరిపై పేలవలసియున్నవో ఆనాటినుండి నేటివఱకు తేలలేదు. కుంపిణీపైనా? నిజాముపైనా? లేక అది ఆయుధములను పోగుచేయుటయే ముచ్చటగా గల ఒక ప్రభువు పిచ్చియా? ఫిరంగులను పోతపోసినవానికి వాటిని పేల్చు సైన్యమును కావలెను. ఆయన దగ్గఱ నుండినది పఠానులు, రోహిలాలు, అరబ్బులతో కూడిన కూలిసైన్యము. అదియు జీతములు బాకీపడిన సైన్యము. కోట విడిచి నవాబు కందనవోలు చెంతనే యున్న జోహరాపురమున విడిసినపుడు ఈ కూలివారు ఆయనను చుట్టుముట్టి, బాకీలు తీఱనిదే కదలనీయమని పట్టుబట్టిరి. ఆయన వారికి ప్రభువో, వారి చేతిలో తాకట్టు వస్తువో తెలియని దశ యేర్పడినది. అక్టోబరు 18వ తేదీని డైసు సేన జోహరాపురముపై బడెను. ఆ కూలిసైనికులు లొంగక, వెనుదిరుగక పోరిరి. పలువురు నేలకొరగిరి, ఆంగ్లసేనలోను ప్రాణనష్టము జరిగినది. నవాబు పట్టుబడెను.

ఆనాడు నవాబు పక్షమున కత్తిదూసినవారు జీతగాండ్రే గాని ఆయన రైతులు కారు. భూస్వాములగు మా పాఠకులు ఈ యొక్క సంగతియందు కొంచెము నిలువవలెను. రైతు చెల్లించిన శిస్తు అంతఃపురపు కొలుములలో కరగి ఫిరంగియై, ఆ ఫిరంగి ఒక్క గుండునైనను విడువకయే శత్రువు పాలైనది. రేనాటిలో మఱి యేడేండ్లకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినపుడు ఆయన వెంట పల్లెలు నడచినవి. ఆయనకు అంతఃపురమున ఫిరంగుల కొలుములు లేవు.

కుంపిణీవారి వాదమును న్యాయదృష్టితో తూచి చూతము. ఆయుధములున్నవని శంకించిరి, ఉన్నవి. కనుక దండెత్తుట సమంజసమైనదా? 1981 జూన్ 7వ తేదీని ఇస్రాయేలు విమానములు బాగ్దాదు చెంత ఇరాకు అణుయంత్రమును కూల్చినపుడు భద్రతామండలి ఏకగ్రీవముగా ఖండించినది. అమెరికా సైతము ఖండనమునకు వోటు వేసినది. 2002 అక్టోబరులో అదే ఇరాకుపై యుద్ధమునకు అమెరికా ప్రతినిధుల సభ 296 వోట్లతో, సెనేటు 77 వోట్లతో అధ్యక్షునకు అధికారమిచ్చినవి. 2003 మార్చి 18వ తేదీని ఇంగ్లండు కామన్సు సభ 412 వోట్లతో సమ్మతించినది. ఎదిరించినవారు 149 మంది. సేనలు దేశమంతయు వెదకిన పిమ్మట ఆ ఆయుధముల నిలువలు దొరకలేదు. కందనవోలులో దొరికినవి, ఇరాకులో దొరకలేదు. రెండుచోట్లను గద్దె మాత్రము పోయినది. అట్లయిన సోదాలో ఏమి దొరికినదనునది తీర్పునకు ఆధారము కానేకాదు. అభియోగము తెచ్చినవాడే సోదా చేసి, సోదా చేసినవాడే తీర్పు చెప్పి, తీర్పు చెప్పినవాడే ఆస్తికి వారసుడగుచో, నిందితుని కొట్టున ఫిరంగియున్న నేమి, కుండలున్న నేమి?

ఏలయన కందనవోలున వారసుడు కుంపిణీయే యయ్యెను. ఆయుధములను జప్తుచేసి, జరిమానా విధించి, నవాబు వంశమున మఱియొకని గద్దెనెక్కించి యుండవచ్చును; 1815లోను, 1823లోను చేసినది అదియే గదా. ఈమాఱు అట్లు చేయలేదు. కొన్ని జాగీరులను విడిచి సీమనంతయు కలిపివేసికొని, బంధువులకు భరణములు ఏర్పఱచి, కమిషనరును నియమించిరి. 1858లో కడప జిల్లానుండి కంభము, మార్కాపురము మొదలగు వానిని, బళ్ళారినుండి పత్తికొండను చేర్చి కర్నూలు జిల్లాను సృష్టించిరి. ఉదయగిరి జాగీరునకును అదే గతి పట్టినది. ఆయుధనివారణమను పేర మొదలైన పని భూమి సంపాదనముగా ముగిసినది. భయము నిజమైనదే కావచ్చును. లాభము అంతకంటె నిజమైనది.

గులాం రసూల్ ఖానును తిరుచిరాపల్లికి పంపిరి. ఆయనపై బహిరంగ న్యాయస్థానమున విచారణ జరుగలేదు. తన ఫిరంగులు ఎవరికొఱకో ఆయన నోట చెప్పించి లోకమునకు వినిపించు ఏర్పాటు ఎవరును చేయలేదు. 1840లో అచ్చటనే ఒక హంతకుని కత్తిపోటునకు ఆయన గురియయ్యెను. పొడిచినవాడు సేవకుడనియు, నవాబు క్రైస్తవమువైపు మొగ్గుచున్నాడను కోపముతో పొడిచెననియు ఒక కథ. అతనిచే ఆంగ్లేయులే పొడిపించిరని మఱియొక కథ. మొదటి కథను దొరతనమువారు వ్రాసికొనిరి, రెండవది జనులు చెప్పుకొనిరి. కందనవోలు నవాబు కథను పాటగా కట్టి పల్లెలు పాడుకొన్నవి. ఏ రైతులు ఆయనకై కత్తి పట్టలేదో ఆ రైతుల ఊళ్లలోనే ఆ పాట నిలిచినది.

బనగానపల్లె జాగీరును మాత్రము 1848లో నవాబు వంశమునకు తిరిగి యిచ్చిరి. సరిగా నూఱేండ్లకు, 1948లో, అది భారతదేశమున కలిసి కర్నూలు జిల్లాలో చేరినది. కందనవోలు 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. కోటగోడలు చాలవఱకు పోయి, కొండారెడ్డి బురుజు నడిబజారున నిలిచియున్నది. జోహరాపురము నేడు ఆ నగరములోని ఒక పేట.