బ్రౌన్ దొర రాసిన తెలుగు పరీక్ష

సెకండ్ లాంగ్వేజ్ తప్పనిసరి చేయడం న్యాయమా కాదా అన్న చర్చ, ఎమిరేట్స్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎలాగూ వస్తుంది. ఇక్కడి ప్రైవేటు బడుల్లో అరబ్బులు కాని పిల్లలు కూడా ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు అరబిక్ చదవాల్సిందే. అటు మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి, పదో తరగతి వరకు అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అంది. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గుర్తుకొస్తాడు. నిఘంటువు బ్రౌన్‌గా, వేమనను వెలికితీసిన బ్రౌన్‌గా ఆయన మనందరికీ తెలుసు. అయితే ఆయన తెలుగు మొదలుపెట్టింది భాష మీద మోజుతో కాదు. పరీక్ష పాసైతే తప్ప ఉద్యోగం లేదు కాబట్టి.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మత బోధకుడు, బహుభాషా పండితుడు. కొడుక్కి చిన్నప్పుడే హీబ్రూ, పారశీకం, అరబ్బీ వంటి భాషల్లో ఓనమాలు దిద్దించాడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ ఉద్యోగానికి తర్ఫీదు పొంది, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగాడు.

అప్పటికి మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టి ఐదేళ్ళయింది. కొత్తగా వచ్చిన కుర్ర దొరలకు దేశభాషలు నేర్పడం దాని పని. రాజధాని ఒకటే అయినా దాని కింద తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే జిల్లాలు అన్నీ ఉండేవి. రైతు చెప్పుకునే మొర అధికారికి అర్థం కాకపోతే నడుమ దుబాసీలదే రాజ్యం. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు నేర్చుకుని 1820లో పరీక్ష గట్టెక్కాడు. మన్రో దొర కూడా అధికారులకు స్థానిక భాష వచ్చితీరాలని పట్టుబట్టినవాడే.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ నిర్బంధం పాలించేవాడి మీద పడింది గానీ రైతు మీద కాదు. భాషలు ఎక్కువ కాబట్టి రెండో భాష తప్పనిసరి అనేవాళ్ళు, ఎవరికి తప్పనిసరి అన్నది ముందు తేల్చుకోవాలి. తమిళనాడు 2006 చట్టం తరువాత హోసూరు వైపు తెలుగు పిల్లవాడు తమిళం చదవక తప్పలేదు. ఆ పిల్లవాడి కష్టమూ, కలెక్టరు దొర కష్టమూ ఒకటి కావు. మనం ఎమిరేట్స్‌కు బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళం. ఇక్కడి నేల భాష మన పిల్లలు నేర్చుకోవాలనడం అన్యాయమని నేననుకోను.

కానీ పరీక్షతో భాష రాదు. 1820 ఆగస్టులో కడప చేరాక గానీ బ్రౌన్‌కు తెలుగు అవసరం తెలియలేదు. అక్కడి కలెక్టరు హన్‌బరీ తెలుగు గడగడా మాట్లాడేవాడట. కచేరీలో రోజూ చెవిన పడే తెలుగు వేరు, పండితులు వల్లె వేయించే వ్యాకరణం వేరు. బందరులో ఉండగా, 1824లో వేమన మీద దృష్టి పడింది. ఫ్రెంచి పాదరీ ఒకాయన హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకం చదవడం దానికి కారణమంటారు. మన పుస్తకాల్లో ఆ పాదరీ పేరు దుబాయ్ అని కూడా రాస్తుంటారు లెండి, మన ఊరికీ ఆయనకూ చుట్టరికం లేదు! 1829కల్లా వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పోగుచేయించి, సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. అప్పులపాలయ్యాడు కూడా. ఇదంతా ఏ పరీక్షలోనూ అడగలేదు.

1832-33లో గుంటూరు కరువు చూశాడు. ప్రభుత్వానికి రాసే ఉత్తరాల్లో కొరత అనకుండా కరువు అని రాసినందుకు పైవాళ్ళు తప్పుపట్టారు. జనం మాట తెలిసినవాడికి అలాంటి చిక్కులు తప్పవు.

అదే మద్రాసులో తెలుగు పరీక్ష పాసైన దొరలు ఇంకా చాలామందే. క్యాంప్‌బెల్ లాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే వాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు? మా అమ్మాయి ఆరేళ్ళుగా అరబిక్ చదువుతోంది. మార్కులు తొంభై దాటుతాయి. కింద బకాలాకు పంపితే మాత్రం ఒక్క మాట అరబిక్‌లో అడగదు. అడిగే అవసరమూ లేదు, కొట్లో కుర్రాడు మలయాళీ. నిర్బంధం పెట్టినవాళ్ళు పుస్తకం ఇచ్చారు, పరీక్ష పెట్టారు, మాట్లాడే మనిషిని చూపించడం మరిచారు. బ్రౌన్‌కు కడప దొరికింది. మా అమ్మాయికి కడప ఏదీ?

ఒక చిన్న ఉపాయం బ్రౌన్ దగ్గరే ఉంది. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాక, 1854లో తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు మిశ్రభాషా నిఘంటువు వేశాడు. హాజరు, జవాబు, హక్కు, బాకీ, వసూలు, రద్దు, మామూలు, అసలు - ఇవన్నీ అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన ఊళ్ళకు నడిచొచ్చినవే. ఆ జాబితా మా అమ్మాయికి చెప్పినప్పుడు, తన అరబిక్ పుస్తకం తనే తీసి ఇంకా ఏమున్నాయోనని వెతికింది. మార్కులతో పనిలేకుండా ఆ పుస్తకం తెరవడం నేను చూసింది అప్పుడే.

బ్రౌన్ 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. లండన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం తెలుగు ప్రొఫెసరుగా పనిచేసి, 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. ఆయన పోగుచేసిన ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో ఆయన పేర గ్రంథాలయం వెలిసింది. సెలవులకు వెళ్ళి హైదరాబాదు నుంచి రోడ్డు మీద తిరుపతి బయలుదేరేవాళ్ళకు అది దారిలోనే. పిల్లలతో ఓ పూట ఆగవచ్చు.