తప్పు రీడింగ్‌తో మొదలైన ఓమ్ నియమం

బీహెచ్‌ఈఎల్ దాటి ముంబై హైవే మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు రెజ్యూమె పట్టుకుని తిరుగుతున్నారా? ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైందనుకోండి. 230 వోల్టుల సప్లయ్ మీద ఒక హీటర్ 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటోంది. దాని నిరోధం ఎంత? పవర్ ఎంత?

230ని 10తో భాగిస్తే 23 ఓమ్‌లు. గుణిస్తే 2,300 వాట్లు. ఇది టెన్త్ లెక్కే. మరి వోల్టేజీ 10 శాతం పడిపోతే పవర్ ఎంత తగ్గుతుంది? 10 శాతమే కదా అనిపిస్తుంది. తొందరపడకండి, జవాబు చివర్లో చూద్దాం. ముందు ఈ లెక్కకు దారి వేసిన మనిషి సంగతి తెలుసుకోండి. ఉద్యోగం కోసం ఆయనా తక్కువేం తిరగలేదు.

తాళాలు చేసే ఇంట్లో...

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి తాళాలు తయారుచేసేవారు. సొంతంగా గణితం నేర్చుకుని, కొడుకులకు తానే పాఠాలు చెప్పారు. ఓమ్‌కు పదేళ్లప్పుడు తల్లి చనిపోయారు.

1805లో యూనివర్సిటీలో చేరారు. చేరారే గానీ డ్యాన్సులు, ఐస్ స్కేటింగ్, బిలియర్డ్స్‌తోనే కాలం గడిచిపోయింది. తండ్రికి కోపం వచ్చి మూడు సెమిస్టర్లకే మాన్పించేశారు. ఓమ్ స్విట్జర్లాండ్ వెళ్లి లెక్కల టీచరయ్యారు. అక్కడ ఖాళీ వేళల్లో సొంతంగా చదువుకుని, తిరిగొచ్చి 1811లో ఎర్లాంగెన్‌లోనే డాక్టరేట్ తీసుకున్నారు.

డాక్టరేట్ వచ్చినా కష్టాలు తీరలేదు. యూనివర్సిటీ జీతం చాలక బాంబెర్గ్‌లో ఓ చిన్న బడిలో చేరారు. 1817లో కొలోన్ నగరంలోని స్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ మంచి ఫిజిక్స్ ల్యాబ్ ఉంది. ఆయన దశ తిప్పింది ఆ ల్యాబే.

సప్లయ్‌లోనే లోపం

తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుంది? ఇదీ ఓమ్ పట్టుకున్న ప్రశ్న. 1825లో కొలతలు తీసి ఒక సూత్రం ప్రచురించారు. అది తప్పు! అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. ప్రయోగం నడుస్తుండగానే పడిపోయేది. సప్లయ్ ఊగుతుంటే రీడింగ్‌ను ఎలా నమ్ముతాం?

బ్యాటరీకి బదులు థర్మోకపుల్ వాడమని పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా ఇచ్చారు. ఓమ్ అహానికి పోలేదు. రాగి, బిస్మత్ లోహాలను కలిపి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచారు. ఉష్ణోగ్రతల తేడా మారదు కాబట్టి వోల్టేజీ కూడా మారదు. ఒకే మందం, వేర్వేరు పొడవులున్న ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటిగా కలిపి, అయస్కాంత సూది కదలికతో కరెంటు కొలిచారు. 1826లో అసలు లెక్క తేలింది. వోల్టేజీకి తగ్గట్టే కరెంటు పెరుగుతుంది, నిరోధం పెరిగితే అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

1827లో దీన్ని పుస్తకంగా తెచ్చారు. యూనివర్సిటీలో పెద్ద ఉద్యోగం వస్తుందని ఆశపడ్డారు. రాలేదు. ఆయన పనిని సొంత దేశంలోనే పెద్దగా పట్టించుకోలేదు. కొలోన్ ఉద్యోగం వదిలేసి, బెర్లిన్‌లో పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. 1833లో గానీ న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ పోస్టు దక్కలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. కోరుకున్న మ్యూనిక్ యూనివర్సిటీ ఫిజిక్స్ పీఠం 1852లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 63. రెండేళ్లకే, 1854 జులై 6న కన్నుమూశారు. 1881లో పారిస్ అంతర్జాతీయ సదస్సు నిరోధం ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది. ఈరోజు మీ మల్టీమీటర్ మీద కనిపించే గుర్తు ఆయనదే.

ఇక మన జవాబు

వోల్టేజీ 10 శాతం తగ్గితే 207 వోల్టులు. హీటర్ నిరోధం 23 ఓమ్‌లే అనుకుంటే కరెంటు 9 ఆంపియర్లు. రెండింటినీ గుణిస్తే 1,863 వాట్లు. అంటే పవర్ 19 శాతం తగ్గింది! వోల్టేజీతో పాటు కరెంటు కూడా తగ్గడమే కారణం. ఇది హీటర్ లాంటి లోడుకే వర్తిస్తుంది. మోటారుకు ఇదే లెక్క వేయకండి, అక్కడ పవర్ ఫ్యాక్టర్ కూడా చూడాలి.

హీటర్ సరిగా వేడెక్కడం లేదని ఆపరేటర్ చెబితే ఏం చేస్తారని కూడా అడగొచ్చు. హీటర్ విప్పేస్తానని చెప్పకండి. ముందు సప్లయ్ వోల్టేజీ, తర్వాత కరెంటు కొలుస్తానని చెప్పండి. సప్లయ్ ఆపాకే నిరోధం చూస్తానని కూడా కలపండి. సూత్రం బట్టీపట్టిన వాళ్లు చాలామంది వస్తారు. రీడింగ్ తేడా కొడితే ముందు ఎక్కడ అనుమానించాలో తెలిసిన వాళ్లే షాప్ ఫ్లోర్‌కు కావాలి. ఓమ్‌కు అది తెలియడానికి ఒక తప్పు సూత్రం అచ్చవ్వాల్సి వచ్చింది. మీకు ఈ ఒక్క లెక్క చాలు.