రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 - 1932 సెప్టెంబరు 16) మలేరియా వ్యాప్తికి దోమలే కారణమని ఋజువు చేసిన బ్రిటిషు వైద్య శాస్త్రవేత్త. ఇందుకు కీలకమైన ఆధారం 1897లో సికింద్రాబాదులో, రోగుల రక్తంపై జరిపిన పరిశోధనలో లభించింది. 1902లో ఈయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

బాల్యం, విద్య

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి బ్రిటిషు భారత సైన్యంలో అధికారి. సాహిత్యంపై మక్కువ ఉన్నా, తండ్రి కోరికపై లండన్‌లో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఈయనకు రోగుల రక్తంలోని మలేరియా పరాన్నజీవులను సూక్ష్మదర్శినిలో చూపించి, వాటికి దోమలతో సంబంధం ఉండవచ్చునన్న తన ఊహను వివరించాడు.

సికింద్రాబాదులో పరిశోధన

1895లో సికింద్రాబాదు చేరిన రాస్, జ్వరపీడితుల వేలికొన నుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించేవాడు. రక్తంలో పరాన్నజీవులు ఉన్న రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లార్వాల నుండి తాను పెంచిన దోమలను లోపల వదిలేవాడు. అట్టి దోమలు అంతకుముందు ఎవరినీ కుట్టి ఉండవు. రక్తం త్రాగిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రోగికి చెల్లించేవాడు. దోమలు చచ్చిన నీటి ద్వారా వ్యాధి సోకుతుందన్న మాన్సన్ అభిప్రాయాన్ని పరీక్షించడానికి ఆరోగ్యవంతుల చేత అట్టి నీటిని త్రాగించాడు కూడా. ఆ ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని నిర్ధారించలేదు.

1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని చుక్కల రెక్కలు గల దోమలచేత కుట్టించాడు. ఇవి అనాఫిలిస్ జాతి దోమలు. ఆగస్టు 20న అట్టి ఒక దోమను కోసి, జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులున్న కణాలను చూశాడు. రోగి రక్తంలోని పరాన్నజీవులలో కనబడే రేణువులూ ఇటువంటివే. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉండటంతో, పరాన్నజీవి దోమలో పెరుగుతున్నదని తేలింది.

కలకత్తాలో పరిశోధన

1898లో రాస్‌ను కలకత్తాకు బదిలీ చేశారు. ప్లేగు టీకాల భయం వలన అక్కడి ప్రజలు వేలిపై సూది గుచ్చించుకోవడానికి జంకారు. అందువలన పక్షుల మలేరియాపై పరిశోధించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి సోకుతుందని నిరూపించాడు. మానవ మలేరియాలో ఈ జీవితచక్రాన్ని ఇటలీలో గ్రాసీ బృందం నిర్ధారించింది. ఈ ఆవిష్కరణ ఘనత ఎవరిదన్న విషయమై రాస్, గ్రాసీల మధ్య తీవ్ర వివాదం నడిచింది.

రోగుల సమ్మతి

ఆ కాలంలో ఇటువంటి ప్రయోగాలను ముందుగా పరిశీలించే నైతిక సంఘాలు లేవు. నేడు భారతదేశంలో పరిశోధన కొరకు రోగి రక్తాన్ని గాని, శస్త్రచికిత్సలో తొలగించిన కణజాలాన్ని గాని సేకరించాలంటే నైతిక సంఘం ఆమోదం, సాధారణంగా విషయం తెలిసి రోగి ఇచ్చే సమ్మతి అవసరం.

స్మారకాలు

బేగంపేటలో రాస్ పరిశోధనలు జరిపిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు.